ఇరవై ఎనిమిది సెకండ్లు

ముందుగాల లాప్‌టాప్ మైకుతోనే పట్టిన.
స్పీకర్ల యాకయ్య, మైకుల యాకయ్య,
నడుమ నా ఫ్యాను.
మళ్ల వింటే
ఫ్యానే స్టేషన్ల పేర్లు చదువుతున్నట్టున్నది,
పక్కింటి మిక్సీ ఎల్లిపాయ రుబ్బి అందులేసింది.

ఇట్ల కాదని కంప్యూటర్ లోపల్నే తీగ గుంజిన.
రాగి లేదు, రబ్బరు లేదు, కొనలు లేవు,
పేరుకు మాత్రం తీగ.
బ్రౌజర్‌ల మోగేది గాలి సోకకుంట
సీదా ట్రాకు మీద పడాలె.
పడ్డది. కని
నలభై నాలుగుకూ నలభై ఎనిమిదికీ పొత్తు కుదరక
డెబ్బై ఏండ్ల గొంతు
పెండ్లిల తప్పిపోయిన పిలగాని లెక్క వచ్చింది.
నవ్విన, ఒక్కదాన్నే, రాత్రి పదింటికి.

యాకయ్య పాయింట్స్‌మన్ కొలువు చేసి దిగిండు.
దర్గా దిక్కు రెండర్రల ఇల్లు,
ఒక మైకు, మనుమడు పెట్టిచ్చిన ఇంటర్నెట్ రేడియో.
రోజూ కాజీపేట నుంచి బల్లార్షా దాక
స్టేషన్లు చదువుతడు.
గదే ప్రోగ్రాం. పాట లేదు, ముచ్చట లేదు.
హసన్‌పర్తి రోడ్. ఉప్పల్.
ఊపిరి.
జమ్మికుంట.
వినేటోల్లు పదకొండు మంది అని చూపిస్తది తెర,
అందుల నేనొకదాన్ని.

నేను బరాతులకు బీట్లు చేస్త.
ఎవ్వలి పెండ్లయినా ఒకటే దెబ్బ,
చేతులకు బోరు గొట్టింది.
ఈ పేర్ల కింద ఏం వాయించాల్నో తెలువక
నెల రోజులు ఉత్తగ విన్న.
పోత్కపల్లి అంటే
పెట్టె పట్టాల అతుకు దాటినట్టు.
ఓదెల అంటే బ్రేకు.
రికార్డు చేసుకోవాల్నా అని అడిగితే
"చేసుకో బిడ్డా,
నేను బండిని ఏనాడు ఆపలే,
తొవ్వ మార్చిన, అంతే" అన్నడు.

మొన్న గూడ్సుబండి కూత పెట్టింది.
కిటికీల నుంచి వచ్చింది.
హెడ్‌ఫోన్ల మళ్ల వచ్చింది,
అదే కూత, చివర్ల అదే జీర.
లెక్కబెట్టిన: ఇరవై ఎనిమిది సెకండ్లు.
ఫాతిమానగర్‌కూ ఆయనింటికీ
సైకిల్ మీద పది నిమిషాలు.
గొంతు మాత్రం
ఏ సముద్రం అవతల్నో, ఏ చల్లటి అర్రల్నో
వరుసల నిలవడి
వాపసు వస్తది నా దగ్గరికి.

నిన్న ఉరుముల వాన.
ఎర్ర బొత్తం ఒత్తిన, గీతలు లేస్తున్నయి.
జమ్మికుంట అన్నడో లేదో
కరెంటు పోయింది.
మా గల్లి పోయింది, స్టేషన్ అవతల పోయింది,
దర్గా దిక్కు మొత్తం నలుపు.
నా లాప్‌టాప్‌కు బ్యాటరీ, రూటర్‌కు ఒక చిన్న డబ్బా.
ఆయనకు అవేవీ లేవు, నాకు తెలుసు.
అయినా చదువుతున్నడు.
బిసుగిర్ షరీఫ్.
పోత్కపల్లి.
వెనుక ఆయన ఫ్యాను తిరుగుతనే ఉన్నది.
అక్కడ చీకట్ల అగ్గిపెట్టె తడుముకునే మనిషి
నా చెవుల
లైటు కింద కూసున్నడు.
ఫోన్ చేద్దామనుకున్న.
చేసి ఏమనాలె?
నీకింక కరెంటు పోలేదనా?
ఓదెల.
కొలనూర్.
పెద్ద

పల్లి రాలే.

గీత బల్లపరుపయింది. ఆపబుద్ధి గాక
వాన వెలిసేదాక ఉత్త గీతనే రికార్డు చేసిన.

పొద్దుగాల ఆ ముక్క తెరిచి
కత్తెర గుర్తు పట్టుకొని కూసున్న.
ఓదెలకూ కొలనూర్‌కూ నడుమ
టింగుమని ఒక సప్పుడు, పేరు మీద సగం ఎక్కి.
మెసేజి. రాత్రి చూడనే లేదు.
యాకయ్యది, మూడు సెకండ్ల వాయిస్.
ఎనుక ఫ్యాను లేదు, వాన ఉన్నది:

"కరెంటు పోయింది బిడ్డా.
యాడి దాక వచ్చిన?"