ఉన్ని తొడిగిన గోడ

ఫిబ్రవరి, విన్నిపెగ్, పొద్దున్న ఎనిమిది.
సున్నాకి ముప్పై ఒక్క డిగ్రీల కింద
ఓరిసియా బామ్మ ఇంటి ముందు వ్యాన్ ఆపి
అమదేవు మేస్త్రీ నాకు గోడ చూపించాడు.

ఒళ్లంతా నూగుమంచు.
మధ్యమధ్య, పదహారు అంగుళాలకొకటి,
మంచు నిలవని నిలువు చారలు.
"లెక్కపెట్టు, లివాయ్."
ఇరవై రెండు.
"అవీ దీని పక్కటెముకలు."

గోడలకు చెవులుంటాయని విన్నాను గానీ
ఎముకలు ఇలా బయటపడటం
అదే మొదటిసారి చూడటం.

చెక్కకీ చెక్కకీ నడుమ రంపపుపొట్టు కూరి
చలిని ఆపామనుకున్నారు, కట్టిన రోజుల్లో.
చెక్క ఊరుకుంటుందా?
లోపలి వెచ్చదనాన్ని కొంచెం కొంచెంగా
డెబ్బై ఏళ్లుగా వీధికి చేరవేస్తోంది.
ఇంటి గుట్టు గ్యాసు బిల్లుకి తెలుసు.
మంచు వచ్చి ఊరందరికీ చెప్పింది.

జూన్‌లో పాత గచ్చు ఒలిచాం.
దాని నిండా సీసాపెంకులే,
తడి ఆరకముందే గుప్పిళ్లతో విసిరినవి:
గోధుమరంగు బీరు, ఆకుపచ్చ సోడా,
ఎక్కడో ఒకటి నీలం, అజీర్తి మందుది.
"సగం మా ఆయన తాగినవి" అంది బామ్మ.
మిగతా సగమో?
బామ్మ పార చప్పుడు వింటున్నట్టు నటించింది.

వంటింటి కిటికీ కింద
చెక్క తడిసిన రొట్టెలా చేతిలోకి వచ్చేసింది.
మేస్త్రీ దాన్ని నలిపి వాసన చూశాడు.
"నీళ్లు లోపలికి రావడం తప్పు కాదు.
నీళ్లన్నాక వస్తాయి.
వచ్చినవాటికి పోయే దారి లేదు, చూడు,
అదీ తప్పు."

కుళ్లింది కోసి, కొత్త చెక్క వేసి,
నల్లటి పొర చుట్టి,
దానిమీద రాతిఉన్ని పలకలు.
మూల తిరిగేచోట, గుమ్మం నెత్తిన, కిటికీ చంకలో
ఎక్కడా తెగకూడదు.
చొక్కా కింద ఎన్ని గుడ్డలు కుక్కుకుంటే ఏం,
పైన కోటు లేనివాడికి?
మరమేకుల దగ్గర మాత్రం పరమ పిసినారి మేస్త్రీ:
ప్రతి మేకూ ఒక సన్నటి చలిదారి అట,
లెక్కపెట్టి చేతిలో పెట్టేవాడు, మందుబిళ్లల్లా.

ఆపైన గాలికి వేలెడు సందు, ఇనుప వల,
మొదటి పూత.
నేను అద్దంలా నున్నగా తెచ్చి మురిసిపోతే
దువ్వెన లాంటిది తీసి అడ్డంగా గీరేశాడు.
నున్నటిదాని మీద రెండోది పట్టదట.
వారం ఆగమన్నాడు. రోజూ తడపమన్నాడు.
నాకేమో రేపే రంగు చూడాలని.
ఆయనకు చేతిలోనూ తాపీ,
మాటలోనూ తాపీ.

గోడ అడుగున రంధ్రాల రేకు.
హడావిడిలో మూడు రంధ్రాలు పూడ్చేశాను.
తిట్టలేదు. ఒక మేకు ఇచ్చి వెళ్లిపోయాడు.
మధ్యాహ్నమంతా మోకాళ్ల మీద
ఒక్కొక్కటే పొడిచి తెరిచాను.

సెప్టెంబరులో బామ్మ బయటికొచ్చి
గోడను వేళ్లతో తట్టింది. మళ్లీ తట్టింది.
"గొంతు మారిపోయింది దీనికి.
కిటికీల కళ్లు కూడా లోపలికి పోయాయి.
ఒళ్లు చేసింది నా ఇల్లు."
డబ్బు మాత్రం లెక్క సరిగ్గా ఇచ్చింది.
నీలం పెంకులు నేను డబ్బాలో దాచి ఇస్తే
ఎండకి పట్టి చూసుకుని
ఏమీ అనకుండా జేబులో వేసుకుంది.

మళ్లీ ఫిబ్రవరి.
పని లేకపోయినా ఆ వీధిన వెళ్లాను.
గోడ మొత్తం తెల్లగా,
ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే మంచు.
ఎముకల కోసం వెతికాను.
ఒకటి దగ్గరే నోరు మూతపడింది.

ఏప్రిల్‌లో ఫోను. బామ్మ.
"మీ గోడ ఏడుస్తోంది! అడుగునుంచి చుక్కలు!"
మేస్త్రీ నావైపు చూశాడు.
"ఏడవనివ్వండి" అని పెట్టేసి
మళ్లీ గచ్చు కలపడంలో పడ్డాడు.

సాయంత్రం వెళ్లి, రేకు కింద అరచెయ్యి పట్టాను.
ఆ మూడింట్లోంచి కూడా వస్తున్నాయి.