అదనపు గంట

పర్లాకిమిడి కాలేజీలో మూడో నంబరు గది.
అందరూ వెళ్ళిపోయారు.
బల్లల మీద సుద్దతో రాసిన నంబర్లు, పంకా మూలుగు,
గుమ్మంలో వాచీ చూసుకుంటూ పాణిగ్రాహి సారు,
ఢిల్లేశు, నేను.

అతను చెబుతాడు, నేను రాస్తాను.
అతనిది డిగ్రీ ఆఖరేడు, నాది ప్లస్ టూ.
రాసేవాళ్ళు ఒక మెట్టు కిందుండాలని రూలు.
తెలుగులో తలచి ఒడియాలో చెబుతాడు,
మాట దొరక్కపోతే వేళ్ళతో గాలిని పిండుతాడు.
దొరికిందాకా కాచుకుని
ఒడియా అక్షరాల గొడుగులు ఒక్కొక్కటే విప్పుతాను.

ఆ గొడుగుల కిందే తడిసిపోయాడు చిన్నప్పట్నుంచీ.
ఇంట్లో ఒక లిపి, బడిలో ఒకటి, ఫారాల మీద మూడోది.
మూడూ తొలకరి రాత్రి ఉసిళ్ళలా
దీపం చుట్టూ తిరుగుతాయట, ఒక్కటీ వాలదట.
బద్ధకం అన్నారు, పదేళ్ళు.
బరంపురం ఆస్పత్రికి మూడుసార్లు తిరిగితే
ఆ బద్ధకానికి వేరే పేరుందని ఒక కాగితం ఇచ్చారు.
చదవడం కష్టమని రాసిన ఆ కాగితాన్ని
చదువుకుని సంతకం పెట్టమన్నారు.
ఈ ముక్క చెప్పి ముందు అతనే నవ్వుతాడు.

ఎనిమిదో ప్రశ్న. ఒడిశా వేరే రాష్ట్రం కావడం.
గీత ఎలా పడిందో,
తాతగారి ఇల్లు ఇటూ, వియ్యాలవారి ఊరు అటూ
ఎలా అయిపోయాయో
చూసొచ్చినవాడిలా చెప్పాడు. నా చెయ్యి అందుకోలేకపోయింది.
ఏడాది దగ్గర మాత్రం, ముప్పై అయిదు, అన్నాడు.

కలం ఆగింది.
ముప్పై ఆరని ఇక్కడ ఒకటో తరగతి పిల్లలకీ తెలుసు.
సారు కిటికీ వైపు తిరిగున్నాడు.
ఒక్క అంకె.

"ఏటి, ఆగిపోనావు?" తెలుగులో, మెల్లగా.
"ఓహో. తప్పు కాబోలు.
అదే రాసీ.
సెయ్యి ఇచ్చినావు, సాలు.
తప్పులైనా నావి నాకుండనీ."

రాశాను. వంకరగా పడింది అయిదు.

పైపేజీ మీద సంతకం మాత్రం అతనే పెట్టాలి.
నాలిక పళ్ళ మధ్య పెట్టుకుని, తెలుగులో,
ఊరి దారంత నెమ్మదిగా.
ఢ కింద గీత మరిచిపోతాడు ఎప్పుడూ.
ఇవాళా మరిచాడు.
నా వేలు బల్ల అంచు దాకా వెళ్ళి
అక్కడే ఉండిపోయింది.

అయిపోయిందా, అని సారు చెయ్యి చాపాడు.
ఇంకా పదకొండు నిమిషాలున్నాయి సార్,
అడిగి తెచ్చుకున్నవి, అన్నాడు ఢిల్లేశు.
కూర్చున్నాం.