మూడో కుళాయి

ముర్గాబ్‌లో నీళ్లు తొందరగా మరుగుతాయి.
అంత ఎత్తున, అంత పల్చటి గాలిలో
తొందరగా మరుగుతాయి కాబట్టే
పప్పు ఉడకదు, టీకి రంగు దిగదు.
అనర్‌కుల్ హోటల్లో మాంసం
పొద్దున పొయ్యెక్కితే చీకటి పడ్డాకే దిగుతుంది.

"లారీకీ ఇదే రోగం" అనేవాడు ఖుష్‌కదం.
పాత జిల్ లారీ. నాకంటే పదేళ్లు పెద్దది.
ఇత్తడి రేడియేటర్, దాని ముందు రేకు తలుపులు.
క్యాబిన్లోంచి గొలుసు లాగితే మూసుకునేవి, వదిలితే తెరుచుకునేవి.
ఎక్కేటప్పుడు తెరువు, దిగేటప్పుడు మూయి.
క్లీనరుగా చేరిన రోజు నేర్పింది అదొక్కటే.

తర్వాత మూత సంగతి.
మూత కింద ఒక స్ప్రింగు, ఒక రబ్బరు వాషరు.
ఇప్పుడే కాదు, ఇంకాసేపాగు అని
నీళ్లని అదిమిపట్టేది ఆ స్ప్రింగే.
రబ్బరు ఎండిందా,
అక్‌బైతాల్ కనుమ సగంలోనే బుస్సుమని ఆవిరి.
పాత ట్యూబు కోసి కొత్త వాషరు చేశాడు.
వేడి మీద మూత తిప్పొద్దన్నాడు.
అన్నవాడి ఎడమ చెంప మీద మచ్చ ఉంది,
కాబట్టి నమ్మాను.

చలికాలం అంతా తిరగబడుతుంది.
పగలంతా మరగకుండా కాచుకున్న నీళ్లే
రాత్రికి గడ్డకట్టి ఇనుముని చీలుస్తాయి.
యాంటీఫ్రీజ్ పేరు విన్నాం, ఆ ఏడు కంటితో చూడలేదు.
బండి ఆగితే నీళ్లు వదిలేయడమే.
రేడియేటర్ అడుగున ఒక కుళాయి,
ఇంజను దిమ్మకి అటొకటి, ఇటొకటి.
పొద్దున మళ్లీ బకెట్లతో వేడినీళ్లు.

మూడోది, స్టార్టరు వెనకది, గార పట్టి మొండికేసేది.
మంచులో వెల్లకిలా పడుకుని
ఇనపతీగతో కెలికితే గాని కారేది కాదు.
ఆ పని ఎప్పుడూ ఆయనదే.

ఒక జనవరి రాత్రి ఆయనకి జ్వరం.
తీగ నా చేతికిచ్చి దుప్పటి కప్పుకున్నాడు.
మూడూ తిప్పాను. రెండు ధారకట్టాయి.
మూడోది రెండు చుక్కలు రాల్చి ఊరుకుంది.
అయిపోయాయేమో అనుకున్నాను.
అనుకున్నానని ఇప్పుడంటున్నాను గాని
తీగ నా జేబులోనే ఉంది,
వేళ్లు కొంకర్లు పోతున్నాయి,
లోపల పొయ్యి ఉంది.

తెల్లారి చూస్తే దిమ్మ పక్కన వెంట్రుకంత గీత.
వేడినీళ్లు పోస్తుంటే చెమర్చింది.
ఖుష్‌కదం ఆ చివర నుంచి ఈ చివర దాకా
వేలితో తడిమాడు.
"తీగ ఏదిరా బాయిష్?"
ఇచ్చాను.
దానికి ఎక్కడా గార అంటలేదు.

తిట్టలేదు. అనర్‌కుల్ దగ్గరికి పరిగెత్తించాడు, ఆవపిండి తెమ్మని.
"పచ్చడికా?" అందావిడ. "లారీకి" అన్నాను.
రెండు గుప్పెళ్లు రేడియేటర్లో పోసి
ఇంజను వేడెక్కనిచ్చాడు.
పిండి తిరిగి తిరిగి, ఉబ్బి, గీతలో ఇరుక్కుంది.
చెమ్మ తగ్గింది. పూర్తిగా కాదు.

బొగ్గు బస్తాలతో కనుమ ఎక్కాం.
పాదాల దగ్గర సందుల్లోంచి క్యాబిన్ నిండా ఆవ ఘాటు.
ఇద్దరికీ కళ్లవెంట నీళ్లు.
"పాడు పిండి" అన్నాడాయన.
అవునన్నాను.

ఇప్పుడు నాది చైనా డీజిల్.
లోపల ఎర్రటి నీళ్లు, ఏడాదికోసారి మారిస్తే చాలు.
అయినా రాత్రి బండి ఆపి దిగితే
చెయ్యి జేబులోకి పోతుంది,
తీగ కోసం.