మంగళవారం బూట్లు

తార్నాకల బస్సు దిగి పొద్దున ఏడింటికి
యానిమల్ హౌస్ తాళం తీస్త.
నాలుగొందల ఎలుకలు. అన్నీ తెల్లటియే.
పేర్లు పెట్టొద్దని రూలు,
తోకకు సిరా గీత, గంతే.

రబ్బరు చెప్పులతోని పోతే
దాణా అని ఎరుకే వాటికి.
జాలీ పట్టుకొని నిలవడ్తయి,
మూతులు బయటవెట్టి గాలిని సదువుతయి.
మంగళవారం మాత్రం గమ్ బూట్లు.
మంగళవారం ట్రే ఎత్తుకొని పైకి పోవుడు.
పైకి పోయినయి మళ్ల కిందికి రావు.

వరండాల బూట్లు కిర్రుమనంగనే
నాలుగొందల నోళ్ల కొరుకుడు బంద్.
ఫ్యాన్ సప్పుడొక్కటే వినవడ్తది.

రీసెర్చికొచ్చిన హరిప్రియ, తెనాలి పిల్ల, అంటది:
"అది భయం కాదు బాలమణక్కా, అలవాటు.
గంట కొడితే కుక్కకి నోరూరినట్టు.
భయం అనాలంటే లోపల ఒకరుండాలి.
ఉన్నారని మనకి సాక్ష్యం లేదు."
మంచి పిల్లనే. టిఫిన్ డబ్బాల సగం నాకు వెడ్తది.

సాక్ష్యం సంగతి నాకేమెరుక.
మా అత్త పక్షవాతమొచ్చి గాంధీ దవాఖానల పడ్డనాడు
డాక్టరు ఆమె రొమ్ముబొక్క మీద పిడికిలితోని రుద్ది
కనుబొమ్మ కదిలితే
"ఉన్నది" అన్నడు.
ఒక్క కనుబొమ్మ.
దాన్ని పట్టుకొని పదకొండు రోజులు
ఆమెతోని ముచ్చట వెట్టినం,
బియ్యం ధర సుత చెప్పినం.

పోయిన మంగళవారం
బూట్లు బయటనే ఇడిశిన.
ఉత్త కాళ్లతోని, ఊపిరి బిగవట్టి,
ట్రే కొంగు కింద దాసుకొని పోయిన.
అవి జాలీ పట్టుకొని నిలవడ్డయి.
దాణా అనుకున్నయి.
పదహారు తీసిన.
ఒకటి నా బొటనవేలు నాకింది.

మెట్లెక్కుతుంటే కాళ్ల కింద సల్లటి బండ,
అప్పుడు తట్టింది:
గోడ పొంటి పోయేటోళ్లు
మునివేళ్ల మీద నడుస్తరా?
బండకు ఎవలన్న అబద్ధం చెప్తరా?
నేనెవలికి దాసిన ఆ ట్రే?

పైన హరిప్రియ ఫారం నింపుతున్నది.
నా కాళ్ల దిక్కు చూసింది.
"చెప్పులేవక్కా?"
చెప్పలే.
కొంచెం సేపటికి పెన్ను టేబుల్ మీద పెట్టి
కిటికీ దిక్కు తిరిగింది.

ఇయ్యాల మళ్ల మంగళవారం.
ఉత్త కాళ్లే. కాలి మట్టెలు సుత తీసి
పర్సుల ఏస్కున్న.
తలుపు ఇంక తెరవనే లేదు,
లోపల కొరుకుడు బంద్.