నాలుగో నంబరు ఫీడరు

పుష్యమాసం. ఐదూ నలభైకి
కోడుమూరులో గీజర్లు నిద్రలేస్తాయి.
నాకు అవి కనపడవు, ముల్లు కనపడుతుంది.
నూట పది. నూట నలభై.
ఒక్కో బకెట్టు ఉడుకునీళ్లకి
కుడిపక్కకి కాస్త ఒత్తిగిలుతుంది.

ఓర్వకల్లు కాడ అద్దాల చేలకి ఇంకా తెల్లారలేదు.
కొండ మీద గాలిమరలు
చేతులు చాపినవి చాపినట్టే నిలబడినాయి.
చలికాలం గాలికి మా సీమ మీద మనసుండదు.
పగలంతా పంపే నేల
ఈ గంటన్నర మాత్రం
తనే చెయ్యి చాపుతుంది.

ఆరూ పన్నెండుకి కర్నూలు నుంచి ఫోను.
ఆ గొంతుకి పేరు లేదు, ఎప్పుడూ జలుబుంటుంది.
"రిలీఫ్ కావాల. నాలుగు తియ్."
రిలీఫ్ అంటే ఉపశమనం అని బళ్లో చెప్పినారు.
ఎవరికో చెప్పలేదు.

నాలుగో నంబరు మీద
మూడు పల్లెలు, ఒక పిండిమిషను,
దస్తగిరమ్మ కోళ్ల షెడ్డు.
మొన్ననే దిగినాయి ఆరు వందల పిల్లలు,
బుగ్గల కింద పసుపు రాశి పోసినట్టు.
బిల్లు కట్టను వచ్చి ఆయమ్మే చెప్పింది:
"బుగ్గ ఆరితే చలికి చావవు సామీ,
ఎచ్చదనం కోసం
ఒకదాన్నొకటి తొక్కుకోని చస్తాయి."

స్విచ్ తిప్పినా.
బయట బ్రేకరు ధన్‌మని పడింది.
ముల్లు దిగింది.
నేను స్వెట్టరు గుండీ పెట్టుకున్నా.

ఏడుకి వంతు రెండో నంబరుకి మారింది.
లాగ్‌షీటులో రాసినా:
6-13 తీసినాము, 7-00 ఇచ్చినాము.
గుండ్రంగా రాసినా, ఇన్‌స్పెక్షన్ ఉంది.

ఏడున్నరకి ఆయమ్మ.
తిట్లకి చెవి సిద్ధం చేసుకున్నా.
"పద్నాలుగు పోయినాయి మద్దిలేటీ.
కడవల్లో ఉడుకునీళ్లు పోసి నడుమ పెట్టినా,
గోనెపట్టలు కట్టినా,
నేనూ వాటిలోనే కూచున్నా.
లేకుంటే నూరు పోయేటివి."
వెనక కిచకిచ, రేకుల మీద వాన మాదిరి.
"తియ్యొద్దనను. నీ చేతిలో లేదు.
తీసేముందు పావుగంట చెప్పు.
నీళ్లు కాగను అంత పడుతుంది."

నాకు చెప్పేదే నిమిషం ముందని
ఆయమ్మకి తెలీదు.
సరే అన్నా.

ఆ పొద్దు నుంచి
ముల్లు నూట డెబ్బై దాటితే
ఎవురూ అడక్కముందే ఫోను చేస్తా:
"పొయ్యి ముట్టించుకో."
మూడు పొద్దులు నా లెక్క నిలబడింది.
నిన్న తప్పింది. మబ్బు లేదు, కోత లేదు,
బుగ్గలన్నీ వెలుగుతానే ఉన్నాయి.
కట్టెలు దండగ చేయించినానని
నేనే మళ్లీ చేసినా.

"కానీలే," అనింది,
"శుక్కురారమే గదా. తలకి పోసుకున్నా."