ఇవాళ్టి రంగు

పొద్దున్న అయిదున్నరకి ఫోను చేయాలి.
రికార్డు చేసిన గొంతు ఒక రంగు పేరు చెబుతుంది.
నాకిచ్చిన రంగు పసుపు.

నీలం అంటే ఆ రోజు నాది.
ఆకుపచ్చ అన్నా నాదే, తీరిగ్గా పోపు వేసుకోవచ్చు.
పసుపు అంటే
సాయంత్రం అయిదు లోపల, ఊరికి ఆ చివర,
ఎవరో ఆవిడ చూస్తుండగా
ప్లాస్టిక్ కప్పు నింపాలి.

గడపకి రాసేది, పెళ్ళికి దంచేది,
తెగిన వేలికి అద్దేది.
ఆ మాట వింటే ఇప్పుడు
కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టుంటుంది.

చేసింది చెబుతాను, దాటవేయను.
గిడ్డంగిలో రాత్రి డ్యూటీ దిగి కారులో వస్తూ
రెప్ప వాల్చాను. ఎంతసేపో తెలీదు.
సైకిల్ మీద మనిషి. కాలు రెండు చోట్ల విరిగింది.
పేరు ఎమెరిక్ సాబో.
ఆయనకి ఉత్తరం రాయకూడదు, అదీ ఒక షరతు.
రాసిన ఉత్తరం బియ్యం డబ్బా కింద ఉంది.

షరతులు మొత్తం ఇరవై మూడు.
జైలు కాదు కదా, అంటారు. కాదు.
లోపలి గడియ నాదే.
కొడితే తీయాల్సిందీ నేనే,
బీరువా తెరిచి లోపలి లంగాలు కూడా
పక్కకి జరపాల్సిందీ నేనే.
నన్ను కనిపెట్టుకుని ఉన్నందుకు
నెలనెలా కూలి కట్టేదీ నేనే.

టొలీడో ఉత్తరపు అంచున ఒక రోడ్డుంది,
ఈ పక్క ఒహాయో, ఆ పక్క మిషిగన్.
కొత్తిమీర బాగుండే కొట్టు ఆ పక్క.
ఒక కట్ట కొత్తిమీరకి పర్మిట్ అడగనా?

వెయిటింగ్ రూములో వర్జిల్ అని పెద్దాయన,
పదకొండేళ్ళుగా వస్తూ పోతూ ఉన్నాడు.
"బస్సు టికెట్టు కూడా పారెయ్యకు," అన్నాడు.
"వాళ్ళ దగ్గర నీ ఫైలుంది. నీ దగ్గరా ఒకటుండాలి."
ఆయన ఒళ్ళో చెప్పుల డబ్బా, రబ్బరు బ్యాండు వేసి.

ఏప్రిల్లో ఒక బుధవారం, పసుపు.
మామీ నది మీద వంతెన లేచింది.
బస్సు ముందు రోడ్డు
నిటారుగా నిలబడింది.
కింద ఓడ, ఇనపరాయి మోసుకుంటూ,
ఎవరికీ ఏమీ బాకీ లేనట్టు.

కిటికీ చేరేసరికి అయిదూ నాలుగు.
"రానట్టే," అంది అద్దం వెనక ఆవిడ.
చెడ్డది కాదు. ఆమెకీ బస్సుంది.
రానట్టే అంటే తప్పినట్టే,
తప్పినట్టే అంటే తప్పు చేసినట్టే.
ఇంతకుముందు ఆ మాటలు వేర్వేరు అనుకునేదాన్ని.

ఓపల్ ప్రూయిట్, ప్రభుత్వమిచ్చిన లాయరు,
ఆ పూట నలభై మందికి ఒకత్తే,
మెట్ల మీద నిలబడే చెప్పింది:
ఈ విచారణకి జ్యూరీ ఉండదు.
తక్కెడ కాస్త అటు మొగ్గితే చాలు వాళ్ళకి.
కానీ నువ్వు మాట్లాడొచ్చు, ఆవిణ్ణి ప్రశ్నించొచ్చు,
కావాలని తప్పావా అని అడగమనొచ్చు.
అది నీ హక్కు.

హక్కు. ఒత్తున్న మాట.
ఇన్నాళ్ళూ ఒత్తు మింగేసి పలికాను.

టికెట్టు మీద నాలుగూ పది.
వంతెనవాళ్ళ చిట్టాలో ఓడ దాటిన వేళ.
జడ్జి రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు,
నా మొహం కంటే ఎక్కువసేపు చూశాడు.
"ఈసారికి," అన్నాడు.
అంతే. ఈసారికి.
మిగతా పదిహేడు నెలలూ అలాగే ఉన్నాయి.

బయట వర్జిల్ అడిగాడు, "ఎవరు గెలిచారు?"
"ఓడ," అన్నాను తెలుగులో,
నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను.
మా మాటల్లో ఓడకీ ఓడిపోవడానికీ
మధ్య ఎంత నీరుందో
ఆయనకెలా చెప్పను?
ఏమీ అర్థం కాకపోయినా
ఆయనా నవ్వాడు, డబ్బా గట్టిగా పట్టుకుని.

రాత్రి కూర కలుపుతుంటే వేళ్ళకి అంటింది.
సబ్బుతో రెండుసార్లు కడిగాను.
గోళ్ళ చివర ఇంకా ఉంది.
ఫోను పొయ్యి పక్కనే పెట్టుకున్నాను,
అయిదూ ఇరవై అయిదుకి అలారం.