కర్రల్లేని గుడారం

నాలుగు వందల కిలోమీటర్లూ వ్యాను నేనే నడిపాను.
వేయిక్కో వెనక సీట్లో, నోట్లో బన్ను సగం ఉండగానే
నిద్రపోయాడు.
ఔలిక్కి మాత్రం ప్రతి సరస్సు దగ్గరా "ఇదేనా?" అంది.
ఫిన్లాండులో ఆ ప్రశ్న మొదలెడితే
ప్రయాణానికి అంతుండదు.

కల్లియోలహ్తి గేటు దగ్గర ఓ కుర్రాడు
మా మణికట్లకు పసుపు పట్టీలు బిగించి
"ఆదివారం దాకా విప్పకూడదు" అన్నాడు.
"ఆసుపత్రిలోనూ ఇలాగే కట్టారు" అంది రైలి,
"అక్కడ ఎవరూ నవ్వుతూ కట్టలేదు."

మైదానం అప్పటికే సగం ఊరు.
గుడారానికీ గుడారానికీ మధ్య తాళ్లు,
తాళ్ల మీద తడి మేజోళ్లు, మేజోళ్ల కింద ఓ చంటిబిడ్డ,
బిడ్డ చెవులకు ఎర్రటి డిప్పలు.
ఎవరో ఫిడేలు శ్రుతి చేస్తున్నారు.
చేస్తూనే ఉన్నారు.
ఇంకెవరో సాసేజీ మాడ్చేశారు.

చోటు కోసం కొట్టుకున్నాం,
ముప్పై ఏళ్లుగా ఎలా కొట్టుకుంటున్నామో అలాగే.
నాకు మరుగుదొడ్లు దూరంగా ఉండాలి.
వేయిక్కోకి దగ్గరుండాలి, డెబ్బైకి ఒక్క ఏడే తక్కువ మరి.
ఔలిక్కికి నీడ.
రైలి ఏమీ అనలేదు. బూట్లు విప్పి చేత పట్టుకుని
నాడి చూసే వైద్యుడిలా
గడ్డి మీద అరికాలు ఆనిస్తూ, ఆగుతూ, మళ్లీ ఆనిస్తూ
పెద్ద వేదిక వెనకాల
ఎవ్వరూ దిగని చోటికి పోయి నిలబడింది.
"ఇక్కడ."
"ఇక్కడైతే నిద్ర పట్టదు" అన్నాం ముగ్గురం ఒకేసారి.
ఆమె మా పెదాలు చదివి నవ్వింది.
ఏడాదైంది,
మాకే ఇంకా అలవాటు కాలేదు.
సంచులు అక్కడే దించాం.

గుడ్డ ఉంది. మేకులున్నాయి. సుత్తులు రెండున్నాయి.
కర్రల్లేవు.
వేయిక్కో జేబులు తడుముకున్నాడు,
రెండు మీటర్ల కర్రలు జేబులో దొరుకుతాయన్నట్టు.
పెళ్లికెళ్తూ పిల్లిని చంకనెట్టుకెళ్లినట్టు
వాఫుల్ పెనం మాత్రం తెచ్చాడు, ఇనపది,
నాలుగు కిలోలు.
ఔలిక్కి అతన్ని ఏమందో ఇక్కడ రాయను.

పడవలో వచ్చిన అక్కచెల్లెళ్లు ఒక తెడ్డు ఇచ్చారు.
రేపు మధ్యాహ్నం వాయించాల్సిన పిల్లాడొకడు
మైకు స్టాండు ఇచ్చాడు, రేపు పదింటికల్లా తిరిగివ్వాలట.
రెండింటి మీదా గుడ్డ కప్పాం.
లేవబోయి మనసు మార్చుకున్న ఆవులా ఉంది మా ఇల్లు.
అటుగా పోయేవాళ్లు ఆగి ఫొటోలు తీసుకున్నారు.
వాఫుల్సు తినే పోయారు.

పదకొండైంది.
సూర్యుడు నీటి అంచున మోచేతులు ఆనించుకుని
వెళ్తాను వెళ్తానంటూనే
గుమ్మంలో నిలబడి కబుర్లాడే చుట్టంలా ఉన్నాడు.
దోమలకైతే పిలుపే అక్కర్లేదు.

ఒకప్పుడు మేం నలుగురం ఒక బ్యాండు.
పేరు చెబితే నవ్వుతారు, చెప్పను.
మాలో నిజంగా వాయించింది రైలి ఒక్కతే,
తనకంటే పొడుగైన బేస్ ఫిడేలు,
బస్సులో దానికీ టికెట్ కొనేది.

వేదిక మీద మొదలైంది.
ముందు కప్పులో చెంచా గలగలమంది,
తర్వాత తెడ్డు వణికింది,
తర్వాత నా పళ్లు.
రైలి బోర్లా పడుకుంది, చెంప నేలకానించి.
కళ్లు మూసే ఉన్నాయి.
ఎడమచేతి వేళ్లు మాత్రం
పరుపు మీద నాలుగు తీగలు వెతుక్కుంటున్నాయి.

మేం మాటలు ఆపాం.
ఆపినా ఆపకపోయినా ఆమెకొకటే,
అయినా ఆపాం.

పాట సగంలో కళ్లు తెరిచింది.
"డ్రమ్ముల వాడు తొందరపడుతున్నాడు" అంది,
పక్కింటావిడ మీద చాడీ చెబుతున్నట్టు.

చెవులు రెండూ పనిచేసే ముగ్గురం
మొహాలు చూసుకుని, ఇటు తిరిగి, విన్నాం.
నిజమే.
తొందరపడుతున్నాడు.